పచ్చ మూత పాలు

జూన్ 4

పొద్దున తిన్న రొట్టెముక్క బస్సెక్కేలోపే బయటికి వచ్చేసింది. నాలుగో నెల దాటితే వాంతులు తగ్గుతాయని ప్రతి క్లాసులోనూ నేనే చెబుతాను. గోడ మీద బొమ్మల పటం, చేతిలో చిన్న బెత్తం, ఎదురుగా కుర్చీల్లో కడుపులు మోసుకుంటూ వచ్చిన ఆడవాళ్ళు. ఏం తినాలి, ఏం తినకూడదు, ఎలా కడగాలి, ఎంతసేపు ఉడికించాలి. మా ఆసుపత్రిలో నా అసలు పేరు సగం మందికి తెలియదు. అందరికీ నేను పథ్యం మేడాన్ని. నాకిప్పుడు అయిదో నెల. నేను చెప్పే పాఠం నా కడుపు మాత్రం వినలేదు.

ఇవాళ ఒకావిడ లేచి, "సగం ఉడికిన గుడ్డు వద్దంటారు, పచ్చి మొలకలు వద్దంటారు, బయట కోసి పెట్టిన పండు వద్దంటారు. మరి మీరేం తింటున్నారు మేడం?" అని అడిగింది.

"మీరు నా బుర్ర తింటున్నారు, నేను మీ ప్రశ్నలు తింటున్నాను" అన్నాను.

అందరూ నవ్వారు. బరువు చూసే గంట సిస్టర్ మాత్రం నవ్వలేదు. ఆవిడ గొంతు వరండా ఆ చివరికి వినబడుతుంది, అందుకే ఆ పేరు. "మేడం, మీరు కూడా ఒకసారి ఈ మిషనెక్కండి" అంది. రేపెక్కుతానని తప్పించుకున్నాను.

జూన్ 6

అత్తయ్య నా కోసమే వచ్చి ఉంటున్నారు. వచ్చిన మర్నాడే ప్యాకెట్ పాలు మాన్పించేశారు. "వట్టి మనిషివి కాదు, ఆ తెల్లనీళ్ళు తాగుతావా?" అని రోజూ పొద్దున్నే వీధి చివర పాలాయన దగ్గర నిలబడి, కళ్ళ ముందు పితికించుకుని తెస్తున్నారు. తెచ్చిన పాలు స్టీలు క్యానుతో సహా ఫ్రిజ్‌లోకి తోసేసి, సాయంత్రం టీవీలో ఆవిడ సీరియల్ అయ్యాక తీరిగ్గా కాస్తారు. నిన్న కాచినవీ ఇవాళ కాచనివీ ఒకే అరలో పక్కపక్కన. చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, కాచని పాలలో ఒకరకం క్రిమి ఉండొచ్చు. దానికి ఫ్రిజ్ చలి లెక్కలేదు. అక్కడే కూర్చుని పిల్లాపాపలతో పెరుగుతుంది. మామూలు మనుషుల్ని ఏమీ చెయ్యకపోవచ్చు గాని, కడుపుతో ఉన్నవాళ్ళకి బిడ్డ మీదికి వస్తుంది" అన్నాను.

"మా కాలంలో ఈ క్రిములు లేవమ్మాయ్. మీరు చదువుకున్నాకే పుట్టాయి" అన్నారు.

ఆవిడతో వాదించే ఓపిక లేక ఆసుపత్రి వంటింట్లో మేం పాటించే పద్ధతే ఇంట్లో పెట్టేశాను. అక్కడ తినడానికి సిద్ధంగా ఉన్నవాటికి పచ్చ మూత వేస్తాం. కాచి చల్లార్చిన పాలు పచ్చ మూత సీసాలోకి, కాచనివి స్టీలు క్యానులోనే. ఇక నుంచి మన ఇంట్లో పాలకు రెండే పేర్లు, పచ్చవి, స్టీలువి అని చెప్పాను.

"పాలు తెల్లగా ఉంటే పచ్చవంటావేంటి?" అని ఆవిడ కాసేపు నవ్వుకున్నారు గాని, సాయంత్రానికి నేర్చేసుకున్నారు. ఇంత పనికొచ్చే పద్ధతి పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకున్నాక వెళ్ళి వాంతి చేసుకున్నాను.

జూన్ 9

ఆయన వచ్చారు. వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టులు బిగించే పని ఇన్నాళ్ళకు ముగిసింది. గుమ్మంలో నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మనిషివి సగమయ్యావు. కడుపొక్కటే మిగిలింది" అన్నారు.

"తింటే ఆయాసం, తినకపోతే నీరసం" అన్నారు అత్తయ్య నా తరఫున.

జూన్ 10

ఆదివారం. కదిలే లిఫ్టు శబ్దం విని ఎక్కడ బోల్టు వదులైందో చెప్పే మనిషికి వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో తెలియదు. అలాంటి ఆయన ఇవాళ పొద్దున్నే మిక్సీ ముందు నిలబడ్డారు. నేను స్నానాలగదిలో పళ్ళు తోముకుంటున్నాను.

"పాలు ఏవి పొయ్యను?" అని కేక.

నోటినిండా నురగ. "పచ్చవి!" అన్నాను.

"ఏవీ?"

"పచ్చవండీ, పచ్చవి!"

అరటిపండు, చల్లటి పాలు, కొంచెం పంచదార. పెద్ద గ్లాసు. ఒక గుక్క తాగి, బయటికొస్తుందని అలవాటుగా గిన్నె దగ్గరకు లాక్కున్నాను. రాలేదు. ఇంకో గుక్క తాగాను. అదీ ఉంది. మధ్యాహ్నం దాకా ఉంది. ఇన్ని నెలల్లో కడుపులో ఏదైనా కుదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

జూన్ 13

మళ్ళీ నిలిచింది. రోజూ నిలుస్తోంది. పాలు ఇంత కమ్మగా ఉంటాయని నాకు తెలియదు.

జూన్ 15

గంట సిస్టర్ ఇవాళ నన్ను మిషనెక్కించి, అంకె చూసి, వరండా అంతా వినబడేలా "శభాష్ మేడం!" అంది. ఏం తింటున్నారని అడిగితే మా ఆయన చేతి పాలు అన్నాను. చెబుతుంటే సిగ్గేసింది. కొత్త పెళ్ళికూతురిలా ఏమిటిది, ఈ వయసులో!

ఇంకొకటి. ఆయన ఈల వేస్తున్నారు. మిక్సీ తిరుగుతున్నంతసేపూ ఏదో పాట. కిందటిసారి కడుపు పోయిన దగ్గర్నుంచి ఆ ఈల వినలేదు. అప్పుడు డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదాయన. స్కూటర్ మీద గతుకుల్లో తీసుకెళ్ళడం వల్లే పోయిందని తేల్చేసుకుని, స్కూటర్ అమ్మేసి, ఏడాదిన్నర బస్సుల్లో తిరిగారు. తప్పు తనది కాదని రాసిచ్చినా నమ్మే మనిషి కాదు. అలాంటి మనిషి మళ్ళీ ఈల వేస్తున్నారు. ఇల్లు ఇల్లులా ఉంది.

జూన్ 17

ఇవాళ ఆదివారమని నేను కాస్త ముందే వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద స్టీలు క్యాను. మూత తీసి ఉంది. ఆయన అందులోంచి మిక్సీలోకి పాలు వంచుతున్నారు. ఈల వేస్తూనే.

"ఏ పాలు పోస్తున్నారు?" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అలా ఎలా ఉండగలిగిందో ఇప్పటికీ తెలియదు.

"పచ్చివే. నువ్వు చెప్పినవే. రోజూ పోస్తున్నవే" అన్నారు. "అమ్మ అననే అంటుంది, పచ్చిపాలలో బలం ఉంటుందని. నువ్వు కూడా అన్నావంటే నిజమే అనుకున్నా. చూడు, నీ మొహం ఎలా తేరుకుందో."

గ్లాసు నా చేతికిచ్చారు. వాంతి వస్తోందని చెప్పి లోపలికి వెళ్ళి పారబోశాను.

జూన్ 18

పచ్చవి. పచ్చివి.

జూన్ 19

ఆయనకు చెప్పకూడదు. నిన్నంతా ఆలోచించాను, ఇదే సరైనది. చెబితే ఏమవుతుంది? తాగిన పాలు వెనక్కి రావు. ఆయన మాత్రం స్కూటర్ అమ్మినట్టు ఈసారి ఏం అమ్మేస్తారో. ఏం జరిగినా, జరగకపోయినా, ఆ మిక్సీ శబ్దం జన్మంతా ఆయన చెవిలో తిరుగుతూనే ఉంటుంది.

అయినా ఏమీ కాకపోవచ్చు. పాలాయన శుభ్రమైన మనిషి. తాగిన ప్రతివాళ్ళకూ రాదు. చాలామందికి ఏమీ కాదు. ఇది నేను ఊరికే అనుకోవడం కాదు, చదువుకున్నదే. వచ్చేదైతే వెంటనే రావాలని లేదు, వారాల తర్వాత కూడా రావచ్చని రాసిన వాక్యం కూడా చదివాను. అది ఇప్పుడు తలుచుకోవడం దేనికి.

డాక్టరమ్మకు ఒక మాట చెబితే చాలు, చూసుకుంటారు. కాని ఆవిడకు చెబితే గంట సిస్టర్‌కు తెలుస్తుంది. గంటకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే, ఆయనకూ తెలుస్తుంది. జ్వరమేమీ లేదు కదా. వస్తే అప్పుడు చూద్దాం.

జూన్ 20

రోజూ పారబోస్తే ఆయనకు తెలిసిపోతుందని, ఇవాళ అందరికంటే ముందు లేచి, అత్తయ్య పాలు తెచ్చి స్నానానికి వెళ్ళగానే, ఆ పాలు కాచేసి, చన్నీళ్ళలో పెట్టి చల్లార్చి, మళ్ళీ స్టీలు క్యానులోనే పోసి పెట్టాను. ఆయన లేచి యథాప్రకారం "పచ్చివి" పోశారు. నేను తాగాను. కాచిన పాలే. ఏ భయమూ లేని పాలే. పూర్తిగా బయటికొచ్చేశాయి.

జూన్ 22

మళ్ళీ అంతే. నిలవడం లేదు. మనసుకు తెలిసింది కడుపుకు ఎవరు చెప్పారో.

కాళ్ళు వాచాయి. బస్సులో ఎవరో లేచి చోటిచ్చారు. దిగాల్సిన చోటు దాటిపోయేదాకా నిద్రపోయాను.

జూన్ 24

అత్తయ్య క్యాను మూత తీసి, "ఇదేంటీ, పచ్చిపాల మీద మీగడ కట్టింది?" అన్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తల ఎత్తలేదు.

"చిక్కటి పాలేమో అత్తయ్యా."

"ఎంత చిక్కటివైనా కాయకుండా మీగడ కట్టే పాలు నేను పుట్టాక చూళ్ళేదు." కాసేపు నన్నే చూశారు. "దొంగచాటుగా కాచుకుని మీగడ తినాలనుందా? చెప్తే నేనే తీసిపెట్టనా? వేవిళ్ళలో ఇలాంటివి మామూలే. మావాడు కడుపులో ఉండగా నేను సున్నం గోడ గీరుకుని తిన్నాను, మా అత్తగారికి తెలీకుండా."

అవునన్నాను. మీగడ తినాలనిపించిందన్నాను. అప్పట్నుంచి గిన్నెలో మీగడ తీసి, నాకు మాత్రమే కనబడేలా పెడుతున్నారు. తినలేక, పారెయ్యలేక చస్తున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడడం లేదనుకుంటుందట. నా సంగతి దానికంటే కనాకష్టం. తాగని పాలకు కూడా కళ్ళు మూసుకోవాల్సి వస్తోంది.

జూన్ 27

క్లాసు. పాల బొమ్మ మీద బెత్తం పెట్టి వెంటనే గుడ్ల బొమ్మ మీదికి జరిపేశాను. ముందు వరసలో ఉన్న చిన్నమ్మాయి, మొదటి కాన్పు, చెయ్యెత్తింది. "మేడం, తెలీక పచ్చిపాలు తాగేస్తే?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నే అడిగిందనుకున్నాను. "చాలాసార్లు ఏమీ కాదమ్మా" అన్నాను. "కాని వెంటనే డాక్టరమ్మకి చెప్పాలి. జ్వరం, ఒళ్ళునొప్పులు, నడుంనొప్పి వస్తే అసలు ఆగకూడదు. ఎవరేమనుకుంటారో అని దాచకూడదు. మీ పరువు కంటే బిడ్డ ఎక్కువ."

చక్కగా చెప్పానని గంట సిస్టర్ మెచ్చుకుంది.

జూలై 1

కొంచెం నలతగా ఉంది. ఎండ.

జూలై 3

నడుం లాగుతోంది. ఆరో నెల కదా, లాగుతుంది. అత్తయ్య కూడా అదే అన్నారు.

జూలై 5

థర్మామీటర్ సొరుగులో ఉంది. ఉండనీ.

జూలై 7

ఈ మధ్య పొద్దున లేవగానే ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు. ఇవాళ "వేడిగా ఉంది" అన్నారు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను కదా అన్నాను. ఆయన మిక్సీ దగ్గరికి వెళ్ళలేదు. ఎలాగూ నిలవడం లేదని నిన్నటి నుంచి మానేశారు. ఈల కూడా మానేశారు. ఏం దాచితే ఏమైంది, ఈల ఎలాగూ ఆగిపోయింది.

జూలై 9

చలిజ్వరం. ఆయనే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రోజూ ఉద్యోగానికి వెళ్ళే గుమ్మంలోంచి రోగిలా లోపలికి వెళ్ళాను.

డాక్టరమ్మ నోటితో మాట్లాడుతూ చేత్తో కడుపు చూశారు. గుండె చప్పుడు బాగానే ఉంది అన్నారు. తర్వాత ఆవిడ ఏం అడుగుతారో నాకు తెలుసు. జ్వరంతో వచ్చిన గర్భిణిని అడగాల్సిన ప్రశ్నల వరస రాసిచ్చిందే నేను. అందుకే ముందుగానే ఆయన్ని చూసి, "దాహంగా ఉంది, కాసిని నీళ్ళు తెస్తారా?" అన్నాను. ఆయన పరిగెత్తినట్టే వెళ్ళారు.

"నిన్ను అడగడం ఏంటి గాని, అడగకపోతే నువ్వే ఊరుకోవు" అని డాక్టరమ్మ నవ్వారు. "పచ్చిపాలు గాని, సరిగ్గా ఉడకని మాంసం గాని, ఏమైనా?"

"లేదండీ" అన్నాను.

"మేడం పచ్చిపాలు తాగడమా!" అంది గంట సిస్టర్, రక్తపోటు పట్టీ చుడుతూ. "కంచే చేను మేసినట్టు!"

నేను కూడా నవ్వాను.

ఊళ్ళో తిరుగుతున్న విషజ్వరమే అయ్యుంటుందన్నారు డాక్టరమ్మ. మాత్ర రాసి, రెండు రోజుల్లో తగ్గకపోతే రమ్మన్నారు. ఆయన నీళ్ళు తెచ్చేసరికి అంతా అయిపోయింది.

జూలై 10

మాత్ర వేసుకుంటే దిగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది.

పొద్దున అత్తయ్య పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతూ, "కడుపులో వాడు కదుల్తున్నాడా?" అని అడిగారు.

"కదుల్తున్నాడు" అన్నాను.

నిన్న సాయంత్రం నుంచి సరిగ్గా కదలడం లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా, అది అబద్ధమని నాకే తెలియలేదు. అంత అలవాటైపోయింది.

అత్తయ్య వెళ్ళిపోయాక పడుకుని పైకప్పు చూస్తూ ఒక్కటే ఆలోచించాను. నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు ఆయన గదిలో లేరు. నేనే పంపేశాను. సిస్టర్ ద్వారా ఆయనకు తెలుస్తుందని అనుకున్నానా? ఆయనకు చెప్పొద్దని ఒక్క మాటంటే ఆ డాక్టరమ్మ ప్రాణం పోయినా చెప్పరు. మరి ఎవరి కోసం లేదన్నాను? పథ్యం మేడం పరువు కోసం. ఆయన కోసం కానేకాదు. ఇన్ని రోజులూ ఇందులో ఆయన కోసం, ఆయన కోసం అని రాసుకున్నానే, సిగ్గులేకుండా.

లేచి బట్టలు మార్చుకుని, "ఆసుపత్రికి పదండి. ఇప్పుడే" అన్నాను.

జూలై 11

నిన్నటిది రాయాలి. ఎడమచేతికి సెలైన్ సూది ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను.

ఈసారి ఆయన్ని బయటికి పంపలేదు. కుర్చీలో కూడా కూర్చోకుండా చెప్పేశాను. "నిన్న అబద్ధం చెప్పాను డాక్టరమ్మా. జూన్‌లో వారం రోజుల పాటు రోజూ గ్లాసుడు పచ్చిపాలు తాగాను. ఫ్రిజ్‌లో ఉంచినవి. నిన్నటి నుంచి బిడ్డ కదలిక తగ్గింది."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నా మొహం కూడా చూడలేదు. "సిస్టర్, ముందు రక్తం తియ్యండి, కల్చర్‌కి పంపాలి. ఫలితం కోసం ఆగం, ఇంజెక్షన్ ఇప్పుడే మొదలెడదాం. బెడ్ సిద్ధం చెయ్యండి" అన్నారు ఒకే ఊపిరిలో. గంట సిస్టర్ మారు మాట్లాడకుండా కదిలింది. ఆవిడ గొంతు వినబడకపోవడం అదే మొదటిసారి, దానికి భయమేసింది.

ఆయన మాత్రం నిలబడ్డ చోటే ఉన్నారు. "పచ్చిపాలు తాగకూడదా?" అన్నారు, చిన్నపిల్లాడిలా. "నువ్వే కదా పచ్చివి పొయ్యమన్నావు. రెండుసార్లు అడిగాను కూడా."

"పచ్చవి అన్నానండీ. పచ్చ మూతవి. కాచినవి."

ఆయన రెండు మాటలూ లోపల్లోపల అనుకుని చూసుకున్నారు. పెదవులు కదలడం కనబడింది. తర్వాత నన్ను పడుకోబెట్టడానికి చెయ్యి అందించారు.

జూలై 12

బిడ్డ గుండె కొట్టుకుంటోంది. పొద్దుటి నుంచి మూడు నాలుగుసార్లు వచ్చి వినిపించారు. ఆయన వస్తున్నారు, భోజనం పెడుతున్నారు, గిన్నెలు కడుక్కొస్తున్నారు. మాట లేదు.

జూలై 13

ఫలితం వచ్చింది. ఉంది. అదే క్రిమి. ఏ క్రిమి గురించి అత్తయ్యకు పెద్ద పాఠం చెప్పానో అదే.

"ఇంకో రెండు రోజులు ఆలస్యమయ్యుంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు" అన్నారు డాక్టరమ్మ. "ఇంజెక్షన్‌కి లొంగే రకమే. పూర్తి కోర్సు ఇక్కడే ఉండి చేయించుకోవాలి." వెళ్ళబోతూ ఆగి, "నువ్వు ఆ రోజే చెప్పుంటే బాగుండేది" అన్నారు. అంతే. ఇంత మెత్తగా అనకుండా నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

జూలై 15

ఇవాళ మాట్లాడారు. కుర్చీ దగ్గరకు లాక్కుని, "నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"మీరు క్యానులోంచి వంచుతుంటే చూశాను. ఆ ఆదివారం."

"జూన్‌లో."

"ఊఁ."

"అప్పట్నుంచీ తెలుసు."

"మీరు తట్టుకోలేరని. కిందటిసారి స్కూటర్..."

"నేను తట్టుకుంటానో లేదో తేల్చడానికి నువ్వెవరు?" గట్టిగా అనలేదు. పక్క బెడ్ ఆవిడ నిద్రపోతోందని గొంతు తగ్గించే అన్నారు. "స్కూటర్ నేను నడిపాను. దానికి ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన చచ్చిపోలేదు కదా. నేను తెలియక పోశాను. నువ్వు తెలిసి నోరు మూసుకున్నావు. రెండూ ఒకటి కాదు."

కాదు. రెండూ ఒకటి కాదు. చివరికి, ఇది మాత్రం దాచకూడదని, "మీ కోసమని అనుకున్నాను గాని, అదీ నిజం కాదండీ. నవ్వుతారని. పథ్యం మేడం ఇంట్లో పచ్చిపాలు తాగిందని ఆసుపత్రంతా నవ్వుతుందని" అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. తర్వాత గిన్నెల సంచీ తీసుకుని, రేపొస్తానని వెళ్ళిపోయారు.

జూలై 16

వచ్చారు. నారింజ తొనలు వలిచి ఒక్కొక్కటీ ఇచ్చారు.

జూలై 19

బిడ్డ తన్నుతోంది. మునుపటిలా కాదు, గట్టిగా. గంట సిస్టర్ చెయ్యి పట్టుకుని చూపించాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా నోరు పాడుగాను మేడం. ఆ రోజు నేనలా అనకపోయుంటే మీరు చెప్పేవారేమో" అంది. లేదన్నాను. అదైనా ఆవిడ నెత్తిన వెయ్యకూడదు.

జూలై 25

ఇంటికి వచ్చాం. జ్వరం లేదు, రక్తంలో క్రిమి లేదు. స్కానింగులో అంతా బాగానే ఉంది. అయినా బిడ్డ గురించి పూర్తిగా చెప్పాలంటే పుట్టాక చూడాల్సిందే అన్నారు డాక్టరమ్మ. ఆ మాట ఇద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం.

లిఫ్టు మెకానిక్ కాపురముండే ఇంటికి లిఫ్టు లేదు. రెండో అంతస్తు ఎక్కేలోపు నా కాళ్ళు ఇక వల్ల కాదన్నాయి. మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన సంచులు కింద పెట్టి పక్కన కూర్చున్నారు.

"నాకు భయంగా ఉందండీ" అన్నాను. ఈ నెలన్నరలో ఆ మాట ఆయనతో అనడం అదే మొదటిసారి.

"నాకూ భయంగానే ఉంది" అన్నారు. "అది ఇద్దరం పడాల్సిన భయం. నువ్వొక్కదానివే ఉంచుకున్నావు" అన్నారు.

అప్పుడు మొదలుపెట్టి అన్నీ చెప్పాను. తెల్లారకముందే లేచి పాలు కాచి మళ్ళీ క్యానులో పోసిన సంగతి, మీగడ సంగతి, సొరుగులో థర్మామీటర్ సంగతి, నీళ్ళకని పంపేసిన సంగతి, అత్తయ్యతో కదుల్తోందని చెప్పిన సంగతి. ఆయన మెట్టు అంచు చూస్తూ విన్నారు. మీగడ దగ్గర మాత్రం కొంచెం నవ్వొచ్చినట్టుంది.

"ఇంకేమైనా దాచావా?" అన్నారు.

ఆలోచించాను. ఇంకొకటి ఉంది. అది దాచినట్టు నాకే తెలియదు.

"ఆ వారం మీరిచ్చిన పాలు చాలా బాగున్నాయండీ" అన్నాను. "అంత కమ్మటివి నా జన్మలో తాగలేదు. పొద్దున్న ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. ఇంత జరిగాక కూడా ఆ వారమే బాగుంది అనిపిస్తోంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. స్కూటర్ అమ్మినప్పుడు ఒంటరిగా ఏడ్చారు, బాత్రూంలో కుళాయి తిప్పుకుని. ఇవాళ నా పక్కనే ఏడ్చారు. నేనూ ఆపుకోలేదు. మధ్యలో కడుపులోంచి ఒక తన్ను. ఆయన చెయ్యి తీసి అక్కడ పెట్టాను.

పైనుంచి అత్తయ్య తలుపు తీసి, "ఎంతసేపూ! మెట్ల మీదే కాపురం పెట్టేశారా?" అని కేకేశారు.

వస్తున్నామన్నాం. ఇద్దరికీ లేచే ఓపిక లేదు. అలాగే కూర్చున్నాం.